పదిహేడేళ్ల ఫ్యామిలీ సెడాన్: ముందు అల్లాయ్ చక్రాలా, సస్పెన్షనా?

మూడోగేరు
నాన్న వాడిన సెడాన్ ఇప్పుడు నా చేతికి వచ్చింది. 17 ఏళ్ల బండి. 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, ముందు చక్రాల డ్రైవ్, మీటరు మీద 1,40,000 కిలోమీటర్లు. మోడల్ పేరు కావాలనే చెప్పడం లేదు. చెబితే చర్చంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్న దాని మీదకే పోతుంది.

చేయించాలని ఉన్నవి: 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు, బండిని 40 మి.మీ. కిందకు దించే స్ప్రింగులు, ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బల్బులు, కాస్త గంభీరంగా మోగే సైలెన్సర్.

ఇబ్బంది పెడుతున్నవి: వేగం 80 దాటితే వణుకు, గతుకుల్లో ముందు ఎడమవైపు టక్కుమనే శబ్దం, మెత్తగా దిగిపోయే బ్రేకు పెడల్. హెడ్‌లైట్లు కూడా నూనె దీపాల్లా మసకగా ఉన్నాయి.

మెకానిక్‌ను అడిగితే "దీని మీద డబ్బు పెట్టడం దండగ, అమ్మేయండి" అన్నాడు. అమ్మే ఉద్దేశం లేదు. అన్నీ ఒకేసారి చేయించే స్తోమత కూడా లేదు. ఏది ముందు?

గ్రీజుచేతులు
అమ్మేయమన్నాడంటే పని ఎక్కువ, మిగిలేది తక్కువ అని ఆయన లెక్క. అది ఆయన లెక్క, మీది కాదు. వేళకు ఆయిల్ మార్చిన పెట్రోల్ ఇంజిన్‌కు 1,40,000 పెద్ద దూరం కాదు. ఈ వయసు బండిలో చూడాల్సింది ఇంజిన్ కన్నా ముందు రబ్బరు. తిరిగినా తిరగకపోయినా బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు దిమ్మలు), హోస్‌లు, ఇంజిన్ మౌంటులు, టైర్లు గట్టిపడతాయి, పగుళ్లిస్తాయి. మీరు చెప్పిన ఇబ్బందుల్లో సగం అక్కడే తేలతాయి. స్ప్రింగుల సంగతి అన్నిటికన్నా చివర.

టర్బోకావాలి
నేను ఒప్పుకోను. ముందు అల్లాయ్‌లు వేయించండి అన్నా. బండిని చూసినప్పుడల్లా ముచ్చటేస్తే మిగతా పనులు చేయించాలన్న కోరిక దానంతట అదే వస్తుంది. బుష్ మార్చానని ఎవరికి చూపిస్తారు?

గ్రీజుచేతులు
వణికే బండికి అల్లాయ్‌లు వేస్తే అల్లాయ్‌లతో వణుకుతుంది.

కొలతలపిచ్చి
మూడోగేరు గారూ, ఇప్పుడున్న టైరు సైజు ఎంత? పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. అవీ చెప్పండి. నాలుగు టైర్లవీ విడివిడిగా చూడాలి.

వెనకసీటు
నేను బండి నడపను, ఎక్కుతాను. మా అన్నయ్య తన సెడాన్‌ను ఇలాగే కిందకు దించాడు. ముందు ఇద్దరే కూర్చుంటే బాగుందన్నారు. వెనక ముగ్గురం కూర్చుని డిక్కీ నింపితే ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకు తెలిసేది. మీది ఫ్యామిలీ సెడాన్ అని మీరే రాశారు. వెనక కూర్చునేవాళ్లను అడిగారా?

మూడోగేరు
కొలతలపిచ్చి గారూ: సైజు 185/65 ఆర్14. అంకెలు ముందు రెండింటి మీద 3513, వెనక రెండింటి మీద 2214. గాడులు మాత్రం బాగానే లోతుగా ఉన్నాయి.

వెనకసీటు గారూ: అమ్మ అభిప్రాయం అడిగాను. "మీ నాన్న ఉన్నప్పుడు ఇలా టక్కుమనేది కాదు" అంది. చర్చ అక్కడితో ముగిసింది.

కొలతలపిచ్చి
3513 అంటే 2013లో 35వ వారం. 2214 అంటే 2014లో 22వ వారం. గాడి లోతు చూసి మోసపోవద్దు. తక్కువ తిరిగే బండిలో టైరు అరిగే లోపే రబ్బరు ముసలిదైపోతుంది. తయారీ కంపెనీల్లో చాలా వరకు ఇచ్చే సలహా: అయిదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించాలి, పదేళ్లు దాటితే గాడి ఎంత ఉన్నా తీసేయాలి. స్టెప్నీకి కూడా ఇదే వర్తిస్తుంది. దాన్ని ఎవరూ చూడరు.

మీరు ఎలాగూ టైర్లు కొనాలి. కాబట్టి చక్రాల ప్రశ్న ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. ఈ ఒక్క విషయంలో టర్బోకావాలి గారితో సగం ఏకీభవిస్తాను.

లెక్క ఇది. 185 అంటే మి.మీ.లో టైరు వెడల్పు, 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, 14 అంటే అంగుళాల్లో రిమ్ము. 185/65 ఆర్14 టైరు మొత్తం వ్యాసం సుమారు 596 మి.మీ. 195/55 ఆర్15 వేస్తే సుమారు 595.5, అంటే దాదాపు సమానం. 205/45 ఆర్16 అయితే 591, అదీ ఫర్వాలేదు. కొందరు "16 అంటే 16" అని 205/55 ఆర్16 బిగిస్తారు. దాని వ్యాసం 632. అంటే 6 శాతం ఎక్కువ. స్పీడోమీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి ఇంతకు ముందు కన్నా 6 శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది, పైగా ఫెండర్ లోపల రాసుకుంటుంది.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు: లోడ్ సూచిక. 185/65 ఆర్14 టైర్లు సాధారణంగా 86తో వస్తాయి, అంటే ఒక్కో టైరు 530 కిలోలు మోయగలదు. 205/45 ఆర్16లో 83 ఉన్న రకాలున్నాయి, అవి 487 కిలోలే. కుటుంబమంతా సామానుతో ఎక్కే బండికి అది తగ్గించుకోకూడదు. అదే సైజులో 87 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే) రకం దొరికితే సరిపోతుంది, కానీ దానికి గాలి ఒత్తిడి వేరుగా చూసుకోవాలి.

నా ఓటు 15 అంగుళాలకు.

టర్బోకావాలి
సగం ఏకీభవించారు, అదే పదివేలు. కానీ ఫెండర్ కింద 15 చిన్నగా కనిపిస్తుంది.

నిదానమే
చిన్నగా కనిపించేది చక్రం కాదు, ఫెండర్‌కూ టైరుకూ మధ్య ఖాళీ. 14 నుంచి 16కు వెళ్తే పక్కగోడ 120 మి.మీ. నుంచి 92కు పడిపోతుంది. గతుకు మింగాల్సిన గాలి, రబ్బరు అంత తగ్గాయన్నమాట. మిగిలిన దెబ్బ రిమ్ముకూ షాక్‌కూ మీ బుష్‌లకూ పోతుంది. ఇవి ఇప్పటికే టక్కుమంటున్నాయి.

స్పానర్ పద్నాలుగు
అల్లాయ్ కొనేవాళ్లు వ్యాసం ఒక్కటే అడుగుతారు. బోల్టుల సంఖ్య, వాటి వలయం కొలత, చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే ఆఫ్‌సెట్, మధ్య రంధ్రం, ఈ నాలుగూ సరిపోవాలి. మధ్య రంధ్రం హబ్ (చక్రం తగిలే మధ్య భాగం) కన్నా పెద్దదైతే చక్రం బోల్టుల మీద మాత్రమే కేంద్రానికి వస్తుంది, కొంచెం తేడా వచ్చినా వణుకు. సరైన కొలత రింగు వేస్తే పోతుంది. మీకు ఇప్పటికే వణుకు ఉంది కాబట్టి కొత్త వణుకును పాతదానితో కలిపేస్తే ఏది ఎక్కడిదో ఎప్పటికీ తేలదు. ముందు దాన్ని పట్టుకోండి.

గ్రీజుచేతులు
అదే నేనూ చెప్పబోతున్నాను. మూడోగేరు గారూ, వణుకు గురించి సరిగా చెప్పండి. 80 దాటగానే ఎప్పుడూ ఉంటుందా? యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వస్తుందా? బ్రేకు వేసినప్పుడు పెరుగుతుందా? స్టీరింగులో తెలుస్తుందా, సీటులో తెలుస్తుందా?

మూడోగేరు
వీల్ బ్యాలెన్సింగ్ ఇప్పటికే చేయించాను, తేడా లేదు. మళ్లీ గమనించి చెబుతాను.

రేడియేటర్ రాజు
ఈలోగా ఒక మాట. ఇంజిన్ వాల్వులను వేళకు తెరిపించేది టైమింగ్ బెల్టా, గొలుసా? బెల్టు అయితే చివరిసారి ఎప్పుడు మార్చారు?

మూడోగేరు
బెల్టు. నాన్న ప్రతి సర్వీసునూ ఒక పుస్తకంలో రాశారు. అందులో 62,000 దగ్గర బెల్టు మార్చినట్టు ఉంది. ఆ తర్వాత ప్రస్తావన లేదు.

రేడియేటర్ రాజు
అయితే అల్లాయ్, సైలెన్సర్, స్ప్రింగు, లైటు అన్నీ పక్కన పెట్టి ముందు ఆ పని చేయించండి. 62,000 నుంచి 1,40,000 అంటే 78,000 కిలోమీటర్లు, పైగా ఏళ్ల లెక్క వేరే. తయారీదారులు కిలోమీటర్లతో పాటు ఏళ్ల పరిమితి కూడా పెట్టేది అందుకే. మీ మాన్యువల్‌లో ఏది ముందు వస్తే అది అని ఉంటుంది. మీ ఇంజిన్ ఇంటర్‌ఫియరెన్స్ రకమైతే బెల్టు తెగిన క్షణంలో పిస్టన్లు వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి. అప్పుడు మీ మెకానిక్ చెప్పిన మాటే నిజమవుతుంది.

బెల్టుతో పాటు దాన్ని బిగువుగా, దారిలో ఉంచే టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు మార్పించండి. వాటర్ పంపును ఆ బెల్టే తిప్పుతుంటే దాన్నీ మార్పించండి. విప్పిన కూలీ ఒక్కటే. ఎలాగూ కూలెంట్ దించుతారు కాబట్టి కొత్తది పోయించండి. మాన్యువల్‌లో చెప్పిన రకమే, శుద్ధజలంతో సగం సగం. పాతదాని రంగు చూసి అదే రంగు డబ్బా కొనకండి. రంగుకు ప్రమాణమంటూ లేదు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. రకాలు కలిస్తే తుప్పు నిరోధించే గుణం దెబ్బతింటుంది, కొన్నిసార్లు బంకలా గడ్డకడుతుంది.

ఎప్పుడూ న్యూట్రల్
నేను మామూలు నీళ్లే పోస్తాను. ఇప్పటి వరకు వేడెక్కలేదు.

రేడియేటర్ రాజు
వేడెక్కకపోవడం ఒక్కటే కొలమానం కాదు. నీళ్లలో తుప్పు నిరోధకాలు ఉండవు. అల్యూమినియం హెడ్, వాటర్ పంపు బ్లేడ్లు లోపల ఎలా ఉన్నాయో విప్పినప్పుడు తెలుస్తుంది. విప్పినప్పుడు ఫొటో పెట్టండి, చూద్దాం.

ఎప్పుడూ న్యూట్రల్
విప్పను.

లోలాంతరు
హెడ్‌లైట్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఎల్‌ఈడీ కొనేముందు మల్టీమీటరు తీసుకుని ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బల్బు వెనక కనెక్టర్ దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వరకు ఉండాలి. బల్బు దగ్గర 12కు పడిపోయి ఉంటే దోషి బల్బు కాదు, పాత వైరింగు, స్విచ్చు, తుప్పుపట్టిన ఎర్త్. హాలోజెన్ బల్బు కాంతి వోల్టేజీతో పాటు సూటిగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. సుమారు 3.4 ఘాతం. 13.5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే కాంతిలో మూడో వంతు పోయినట్టే.

రిలేతో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, మధ్యలో ఫ్యూజు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. అదే 60/55 వాట్ల హెచ్4 బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. దాంతో పాటు హెడ్‌లైటు ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటే నీటి ఎమెరీ కాగితంతో గరుకు నుంచి నునుపుకు వరుసగా రుద్ది, చివర యూవీ పూత వేయాలి. పూత వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది.

టర్బోకావాలి
ఎల్‌ఈడీ వేస్తే ఇంత తతంగం ఉండదు. నా బండిలో వేశాను, పట్టపగలులా ఉంది.

లోలాంతరు
మీకు. ఎదురుగా వచ్చేవాళ్లకు కూడా పట్టపగలే. రిఫ్లెక్టర్ గిన్నెను ఫిలమెంట్ ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి మలిచారు. ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా అదే బిందువులో, అదే పరిమాణంలో ఉండవు. దాంతో వెలుగు చెదిరిపోతుంది. బండి ముందు దగ్గరలో నేల మాత్రం బాగా మెరుస్తుంది. కనుపాప ఆ మెరుపుకు కుంచించుకుపోయి దూరాన ఉన్నది మరింత చీకటిగా కనిపిస్తుంది. రాత్రి గోడకు ఎదురుగా బండి నిలిపి డిమ్ లైటు వేసి చూడండి, వెలుగు ఆగే పై అంచు, అదే కోత గీత, పదునుగా ఉందా, వెలుగు పైకి చిమ్ముతోందా అని.

టర్బోకావాలి
చూశాను. గీత పదునుగానే ఉంది. అన్ని ఎల్‌ఈడీలనూ ఒకే గాటన కట్టకండి.

లోలాంతరు
ఫొటో?

టర్బోకావాలి
రాత్రి పెడతాను.

నిదానమే
చాలా చోట్ల హాలోజెన్ గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం చట్టప్రకారం చెల్లదు. మార్పులు చేసేముందు బీమా పత్రం కూడా ఒకసారి చదువుకోండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడితే చేసేదేమీ ఉండదు. స్ప్రింగులకూ ఇదే మాట.

మూడోగేరు
గమనించాను. వణుకు యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడే వస్తోంది. కాలు తీసి బండిని దొర్లనిస్తే అదే 90లో నిశ్శబ్దం. బ్రేకు వేసినప్పుడు ఏమీ లేదు. స్టీరింగు వణకదు, బండి ముందు భాగమంతా పక్కలకు ఊగినట్టు ఉంటుంది.

టక్కుమనే శబ్దం ఒక చక్రం గుంటలో పడినప్పుడే. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే రాదు.

పెడల్: ఒకసారి నొక్కితే మెత్తగా దిగుతుంది, వెంటనే మళ్లీ నొక్కితే పైకి వస్తుంది, గట్టిపడుతుంది.

గ్రీజుచేతులు
భలే. ఇలా రాసేవాళ్లు అరుదు. ఒక్కొక్కటిగా.

వణుకు: బ్యాలెన్సింగ్ తేడా అయితే కాలు తీసినా ఆ వేగంలో ఉంటుంది. బ్రేకు డిస్కు మందంలో తేడా అయితే బ్రేకు వేసినప్పుడు వస్తుంది. బలం ఇచ్చినప్పుడు మాత్రమే వచ్చి, దొర్లేటప్పుడు పోయేది, పక్కలకు ఊపేది అయితే చక్రానికి బలం తీసుకెళ్లే డ్రైవ్ షాఫ్టు లోపలి సీవీ జాయింటు (వంగుతూ తిరిగే కీలు) మీద మొదటి అనుమానం. గేర్‌బాక్సు వైపు ఉండేది. లోపల మూడు రోలర్లు గాడుల్లో జారుతూ తిరుగుతాయి. గాడి అరిగితే బలం పడినప్పుడు పట్టి పట్టి కదులుతాయి. బయటి జాయింటు పోతే లక్షణం వేరు, స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటుంది. ఇంజిన్ మౌంటు కూలిపోయినా షాఫ్టు కోణం మారి ఇలాంటి వణుకే రావచ్చు, కాబట్టి మౌంటులు ముందు చూడమనండి. అవి తేలిగ్గా కనిపిస్తాయి.

టక్కు: ఒక చక్రానికే వస్తోందంటే యాంటీ రోల్ బార్ లింకు. వంపుల్లో బండి వాలకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ ఆ బార్, దాన్ని చక్రం వైపు తగిలించేది లింకు. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ బార్ మెలిపడదు, లింకు మీద బలం పడదు, శబ్దం రాదు. దాని చివర బాల్ జాయింటు అరిగి ఉంటుంది. మొత్తం సస్పెన్షన్‌లో అన్నిటికన్నా చిన్న పని. బోల్టు తుప్పుపట్టి తిరక్కపోతే మాత్రం చిన్న పని కాదు.

పెడల్: రెండోసారికి గట్టిపడుతోందంటే లైనులో గాలి. లేదా వెనక డ్రమ్ముల్లో షూలు సర్దుబాటు తప్పి దూరంగా ఉన్నాయి. కాలు అలాగే నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా నేల వైపు దిగిపోతుందా? అలా దిగితే మాస్టర్ సిలిండర్ లోపల సీళ్లు. అది అత్యవసరం.

మూడోగేరు
నొక్కి పట్టుకుంటే దిగదు, అక్కడే ఆగుతుంది. వెనక డ్రమ్ములే. బ్రేకు ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది.

స్పానర్ పద్నాలుగు
రంగు సరే, అసలు సమస్య నీరు. గ్లైకాల్ ఆధారిత బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు కలిశాక ఆ పరిమితి 155. డాట్ 3కి ఇవే 205, 140. పొడుగాటి దిగుడు దారిలో బ్రేకులు కాగి ఆ వేడి అందుకుంటే లోపల ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది. రెండేళ్లకోసారి మార్చమని చాలా మంది తయారీదారులు చెప్పేది ఇందుకే.

మూత మీద ఏ రకం రాసి ఉందో అదే. డాట్ 5 అని కనిపిస్తే ముట్టుకోవద్దు, అది సిలికాన్, మిగతావాటితో కలవదు. 5.1 వేరు, అది గ్లైకాలే. పేర్లు పెట్టినవాళ్లకు దండం.

రబ్బరు బ్రేకు హోస్‌లు 17 ఏళ్లవే అయితే అవీ మార్చేయండి. పైన బాగున్నా లోపల ఉబ్బుతాయి.

టర్బోకావాలి
వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయించుకోవచ్చు కదా? లుక్కు కూడా బాగుంటుంది.

నిదానమే
ఇలాంటి ముందు చక్రాల డ్రైవ్ సెడాన్‌లో ఆపే పనిలో సింహభాగం ముందు బ్రేకులదే. వెనక డిస్కు వేస్తే మాస్టర్ సిలిండర్, ముందు వెనకల ఒత్తిడిని పంచే వాల్వు, చేతి బ్రేకు అన్నీ మళ్లీ సరిచూడాలి. లేకపోతే వెనక చక్రాలు ముందే బిగిసి బండి తోక తిప్పుతుంది. మంచి ప్యాడ్లు, కొత్త ఆయిల్, కొత్త హోస్‌లు, కొత్త టైర్లు. బండిని ఆపేది చివరికి టైరే.

చూసిపోతుంటా
ఎన్నేళ్లుగానో చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. మోడల్ ఏమిటో నాకు తెలిసిపోయింది.

మూడోగేరు
చెప్పకండి.

చూసిపోతుంటా
చెప్పను. స్టీరింగు మీద హారన్ గుర్తు చెరిగిపోయి ఉంటుంది కదా?

మూడోగేరు
...ఉంది.

వెనకసీటు
😂

నాలుగు సిలిండర్లు
సైలెన్సర్ గురించి. టర్బో లేని 1.6లో వెనక సైలెన్సర్ ఒక్కటీ మారిస్తే బలం పెరిగిందో లేదో కొలిచే యంత్రం కూడా తికమకపడుతుంది. పెరిగేది మోత. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకు రెండుసార్లు మంట. 3,000 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకు 100 సార్లు. ఆ 100 హెర్ట్‌జ్ శబ్దం మూసిన క్యాబిన్‌లో చెవుల్లో గుమ్మెత్తుతుంది. మీరు హైవే మీద అయిదో గేరులో పోయేది దాదాపు ఆ ఆర్‌పీఎంలోనే. పది నిమిషాలు హుషారు, తర్వాత తలనొప్పి.

పాత బండిలో అదే ఉత్సాహం రావాలంటే స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, శుభ్రమైన థ్రాటిల్ బాడీ, పని చేసే పీసీవీ వాల్వు (ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులోని ఆవిర్లను పంపేది) చూడండి. ఆ చిన్న వాల్వు మూసుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ కారుతుంది. సీళ్లు పోయాయని ఇంజిన్ విప్పేవాళ్లను చూశాను.

ఎప్పుడూ న్యూట్రల్
పాత ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ పోయాలి. 20డబ్ల్యూ-50. అందరూ చెప్పేదే.

నాలుగు సిలిండర్లు
అందరూ చెప్పేది, మాన్యువల్ చెప్పనిది. ఆయిల్ ఒత్తిడి సరిగా ఉండి, తాగకుండా ఉంటే మార్చాల్సిన పని లేదు. వేరియబుల్ వాల్వ్ టైమింగ్ ఉన్న ఇంజిన్‌లో సన్నని దారుల్లోంచి ఆయిల్ పోవాలి, చల్లగా ఉన్నప్పుడు మరీ ముఖ్యం. మాన్యువల్‌లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడులు ఇస్తారు, వాటిలో చిక్కటిది ఎంచుకోవాలనిపిస్తే ఎంచుకోండి.

ఎప్పుడూ న్యూట్రల్
నా బండి నా ఇష్టం.

నాలుగు సిలిండర్లు
తప్పకుండా. ప్రశ్న అడిగింది మూడోగేరు గారు.

మూడోగేరు
చాలా తెలిసింది. బెల్టు, పంపు, టెన్షనర్ పని అయిపోయింది. పాత బెల్టు వెనకవైపు అడ్డంగా సన్నని పగుళ్లు. రెండు లింకులు మార్చాను, టక్కు పోయింది. బ్రేకు ఆయిల్, హోస్‌లు కొత్తవి, డ్రమ్ములు సర్దించాను, పెడల్ ఇప్పుడు పైనే గట్టిగా ఆగుతోంది. ఎడమ డ్రైవ్ షాఫ్టు విప్పితే లోపలి జాయింటు గాడిలో వేలికి తగిలేంత పల్లం పడి ఉంది. మౌంటులు బాగానే ఉన్నాయి.

హెడ్‌లైటు దగ్గర వోల్టేజీ 11.9. లోలాంతరు గారికి వేరే మాట చెప్పనక్కర్లేదు. రిలే కిట్ తెప్పించాను.

15 అంగుళాలకే ఒప్పుకున్నాను, 195/55. స్ప్రింగుల మీద మాత్రం మనసు చావలేదు. 40 కాదు, 25 మి.మీ. అయితే?

టర్బోకావాలి
అలా అడగండి! 25తో ఫెండర్ ఖాళీ సరిపోతుంది, 15 అంగుళాలు కూడా పెద్దగా కనిపిస్తాయి.

నిదానమే
25 అయితే నాకూ పెద్దగా అభ్యంతరం లేదు, షరతులతో. పాత షాకుల మీద కొత్త స్ప్రింగులు వేయవద్దు. షాకులు, పై మౌంటులు, బంప్ స్టాపులు (షాకు అడుగంటకుండా ఆపే దిమ్మలు), దుమ్ము తొడుగులు కలిపి మార్చాలి. ఏ కారణంగానూ ఉన్న స్ప్రింగును కోయించవద్దు. కోస్తే చుట్లు తగ్గి స్ప్రింగు గట్టిపడుతుంది. పనిచేసే చుట్లు ఆరున్న చోట ఒకటి తీస్తే 20 శాతం గట్టిదవుతుంది, చివర కూడా గిన్నెలో సరిగా కూర్చోదు. వెనక వైపు కుటుంబం బరువు గుర్తుపెట్టుకోండి. డిక్కీ నిండినప్పుడు బంప్ స్టాపు మీద కూర్చునే బండి, వంపులో ఒక్కసారిగా గట్టిపడి జారుతుంది.

గ్రీజుచేతులు
కింది ఆర్ముల బుష్‌లు కూడా అప్పుడే. ఇక్కడ చాలా షెడ్లలో జరిగే పొరపాటు ఒకటి ఉంది, దగ్గరుండి చూసుకోండి. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆ బోల్టులను పూర్తిగా బిగించేస్తారు. రబ్బరు బుష్ ఆ స్థితిలో పట్టుకుపోతుంది. బండి దించగానే బుష్ మెలిపడి ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, కొద్ది నెలల్లో చీలిపోతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు టార్క్ రెంచితో. ఎత్తు మారుస్తున్నారు కాబట్టి ఇది మీకు రెట్టింపు ముఖ్యం. ఆ తర్వాతే అలైన్‌మెంటు.

వెనకసీటు
25 మి.మీ. అంటే రెండున్నర సెంటీమీటర్లే కదా. నా వైపు నుంచి అనుమతి మంజూరు. వెనక సీటు నురుగు కూడా 17 ఏళ్లదే, దాన్ని మార్పించండి. ఎవరూ చెప్పని మార్పు అది. ముందు సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులుంటే మందపాటి కవర్లు మాత్రం తొడగకండి, తెరుచుకునే చోటు మూసేస్తాయి.

లోలాంతరు
టర్బోకావాలి గారూ, రాత్రి అన్నారు. ఏ రాత్రో చెప్పలేదు.

టర్బోకావాలి
గోడకు సున్నం వేస్తున్నారు.

స్పీకర్ బాబు
మూడోగేరు గారూ, ఫోనుతో కలిసే కొత్త స్టీరియో ఆలోచన ఉంటే ఒక్క మాట. బిగించాక, అన్నీ ఆపేసి, తలుపులు వేసి, బండి పూర్తిగా నిద్రపోయే దాకా అరగంటకు పైగా ఆగి బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో చూడండి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే చింత లేదు. 300 ఉంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారంలోపే ఖాళీ. మా వీధిలో ఒకాయన బ్యాటరీని తిడుతూ కొత్తవి కొంటూనే ఉన్నాడు. తప్పు స్టీరియో పసుపు వైరుదీ ఎర్ర వైరుదీ. రెండింటినీ కలిపి ఎప్పుడూ కరెంటు ఉండే దానికే ఇచ్చేశారు.

మూడోగేరు
స్టీరియో ఉంది ఆలోచనలో. తలుపుల్లో శబ్దం తగ్గించే షీట్లు కూడా అంటించాలని. అడుగున మొత్తం కప్పేయవచ్చా?

స్పీకర్ బాబు
కప్పవద్దు. తలుపు అడుగు అంచున నీళ్లు దిగే రంధ్రాలుంటాయి, వాటిని వదిలేయండి. అద్దం పక్క రబ్బరు లోంచి వాన నీళ్లు ఎలాగూ తలుపులోకి దిగుతాయి, పోయే దారి లేకపోతే లోపలి నుంచి తుప్పు. బ్యూటైల్ షీటు బయటి రేకు లోపలి వైపు మధ్యలో, పావు వంతు నుంచి సగం కప్పితే చాలు. మొత్తం అంటించినా తేడా పెద్దగా ఉండదు, తలుపు బరువెక్కి కీలు వాలిపోతుంది. తలుపు లోపలి రేకు మీద ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొర చింపితే మళ్లీ అంటించండి, లేకపోతే నీళ్లు కార్పెట్‌లోకి వస్తాయి.

చూసిపోతుంటా
ఆ మోడల్‌లో ఎడమ వెనక తలుపు రంధ్రం ఫ్యాక్టరీ సీలెంట్‌తో సగం మూసుకుని ఉండేది చాలా బండ్లలో. సన్నని తీగ పెట్టి చూడండి.

మూడోగేరు
చూశాను. మూసుకుని ఉంది. తీగ పెడితే అర కప్పు బురదనీళ్లు వచ్చాయి. మీరు ఎవరో గానీ ఇంకా ఇలాంటివి గుర్తుంటే రాయండి.

చూసిపోతుంటా
సన్‌రూఫ్ ఉందా?